లెక్క రాని మాంత్రికుడు

విరజాపురం కోటలో, చంద్రకాంత శిలలతో కట్టిన కొలువుకూటంలో ఆ ఉదయం ఒక నేరస్థుడి విచారణ జరుగుతోంది. స్తంభాలకు పొదిగిన కెంపుల మీద ఎండ పడి, నేలంతా దానిమ్మగింజలు చల్లినట్టు మెరుస్తోంది. నెమలిపింఛాల వింజామరలు వీచే దాసీల నడుమ, ఏనుగుదంతపు సింహాసనం మీద మకరకేతు మహారాజు కూర్చున్నాడు. ఆయన పక్కన చిన్న పీట మీద ఆయన ఏకైక కుమార్తె, తొమ్మిదేళ్ళ మంజులిక, వెండిబొమ్మకు జడ వేస్తోంది. ఎదురుగా సంకెళ్ళతో నిలబడిన నేరస్థుడు కోనప్ప. అతడు బుట్టలల్లే మేదరివాడు. పాతికేళ్ళు దాటలేదు.

అతడు చేసిన నేరం, వాడలోని పిల్లలను తన ఇంటి అరుగు మీద చేర్చి చింతపిక్కలతో, జొన్నరొట్టెలతో, వెదురుబద్దలతో లెక్కలు నేర్పడం.

“నేరం ఒప్పుకుంటున్నావా?” అని రాజు అడిగాడు.

“నేర్పింది నిజమే మారాజా. నేరమని ఇప్పుడే తెలిసింది.”

ఆస్థాన గణితాచార్యుడు భీషణభట్టు కోపంతో లేచాడు. ఆయన మెడలో ‘గణితభయంకర’ అని చెక్కిన బంగారు పలక ఊగింది. ఆ బిరుదు రాజులిచ్చింది కాదు. ఆయన బెత్తం రుచి చూసిన పిల్లలు చాటుగా పెట్టిన పేరు. ఆయన దాన్ని పొగడ్త అనుకొని, సొంత ఖర్చుతో చెక్కించుకున్నాడు.

“ప్రభూ, వీణ్ణి ఒక్కటే ప్రశ్న అడుగుతాను. ఓరీ, నీ దగ్గర లెక్కలు నేర్చేటప్పుడు పిల్లలు ఏడుస్తారా?”

“లేదండి, నవ్వుతారు. పొద్దుపోయింది, ఇళ్ళకు పొమ్మన్నా పోరు.”

సభలో కలకలం రేగింది. వృద్ధమంత్రి చెవులు మూసుకున్నాడు.

“విన్నారా ప్రభూ! నవ్వుతారట!” అన్నాడు భీషణభట్టు. “ముప్పై ఏళ్ళుగా నా పాఠశాలలో ఒక్క నవ్వు కూడా వినిపించలేదని దేశదేశాల పండితులు మెచ్చుకుంటున్నారు. వీడేమో రొట్టెను నాలుగు ముక్కలు చేసి, ఇదీ పావు అంటే, అని చూపిస్తాడట. ఆపైన పిల్లలు ఆ పావు తినేస్తారట! శాస్త్రాన్ని నమిలి మింగడం ఎక్కడైనా ఉందా ప్రభూ?”

రాజు తీర్పు చెప్పడానికి నోరు తెరిచాడు. అంతలో కొలువుకూటం చీకటైపోయింది. పైకప్పు మీది గాజుగోపురం భళ్ళున పగిలింది. మేకపోతు కొమ్ములున్న ఒక మహాగృధ్రం రెక్కలు విప్పుకొని సరాసరి సభలోకి దిగింది. భటులు బల్లేలు అందుకొనేలోగా అది మంజులికను గోళ్ళతో ఎత్తుకొని, వచ్చిన దారినే ఎగిరిపోయింది. వెండిబొమ్మ నేల మీద పడింది. దానితో పాటు ఒక తాళపత్రం కూడా పడింది.

మంత్రి దాన్ని తీసి చదివాడు. “మీ ఊరి నడిబొడ్డున రాతిపలక చూశాను. మంజులిక రాకుమారి ఆరో ఏటనే నూరు ఎక్కాలు అప్పగించిన గణితసరస్వతి అని ఉంది. నాకు లెక్క తెలిసిన మనిషి అవసరం పడింది. పని సరిగా చేస్తే వదిలిపెడతాను. చేయకపోతే రాయిని చేస్తాను. ఇట్లు, తామ్రగిరి ధూమ్రకంఠుడు.”

రాజు మెల్లగా భీషణభట్టు వైపు తిరిగాడు. “ఆచార్యా, ఆ పలక వేయించింది తమరే కదా. అమ్మాయికి నూరు ఎక్కాలు వచ్చునా?”

“రాతి మీద ఉన్నది అసత్యమెలా అవుతుంది ప్రభూ?”

“వచ్చునా, రాదా?”

“రెండో ఎక్కం సగం వరకు వచ్చు ప్రభూ. ఏడు అనే మాట వినగానే జ్వరం వస్తుంది.”

తామ్రగిరికి ఎవరు వెళతారని రాజు అడిగాడు. సేనాపతికి అప్పుడే మోకాలు నొప్పి మొదలైంది. భీషణభట్టు తానే వెళ్ళేవాణ్ణని, కానీ తనకేమైనా అయితే గణితశాస్త్రం అనాథ అవుతుందని కళ్ళు తుడుచుకున్నాడు. ఉన్నట్టుండి ఆయన ముఖం వికసించింది.

“ప్రభూ, ఇంతటి కార్యానికి లెక్క తెలిసినవాడే వెళ్ళాలి. మన అదృష్టం కొద్దీ ఎదురుగానే ఉన్నాడు!”

క్షణాల్లో ఏర్పాట్లు జరిగిపోయాయి. సంకెళ్ళు తీయకుండానే కోనప్పకు శాలువా కప్పి, ‘గణితకేసరి’ అని బిరుదు ఇచ్చారు. పదిహేను రోజుల్లో రాకుమారిని తెస్తే నేరం మాఫీ. తేకపోతే తల తీస్తారు. సేనాపతి తన రత్నాల ఒర కత్తిని ఎంతో ఉదారంగా చాచాడు.

“వద్దండి. మీ భటులు లాక్కున్న నా బద్దల కత్తి ఇప్పించండి చాలు,” అన్నాడు కోనప్ప.

మూడు రోజులు అతడు ఆగకుండా నడిచాడు. మొదటి రోజు మాట్లాడే ముళ్ళపొదల అడవి దాటాడు. రెండో రోజు బొంతకాకి రూపంలో వెంటపడిన పిశాచాన్ని బుట్ట కింద మూసి, బుట్ట మీద బండ పెట్టి వచ్చాడు. మూడో రోజు పొద్దుగూకకముందే తామ్రగిరి కనిపించింది. కరిగిన రాగి పోతపోసినట్టున్న కొండ. దాని నడుమున పొగలు కక్కే గుహాదుర్గం. దుర్గానికీ ఇవతలి ఒడ్డుకూ మధ్య అగ్నిలోయ. లోయ అడుగున ఎర్రని మంటలు నదిలా పారుతున్నాయి. ఒడ్డున పడి ఉన్న కిరీటాలను చూస్తే, ఇంతకుముందు వచ్చిన రాకుమారులు ఎక్కడిదాకా వచ్చారో తెలుస్తోంది. వాళ్ళు వేసిన దుంగలు అవతలి ఒడ్డుకు రెండు మూరల ఇవతల ఆగి, కొసలు కాలి వేలాడుతున్నాయి. వాళ్ళకు ధైర్యం పుష్కలంగా ఉండేది. కొలత మాత్రం ఉండేది కాదు.

వెనక నుంచి అరుపులు వినిపించాయి. రెండు తలల తోడేళ్ళ మంద! కోనప్ప పరుగెత్తి ఒడ్డునున్న ముళ్ళవెదురు పొదలోకి దూరాడు. ఆ ముళ్ళకు తోడేళ్ళు లోపలికి రాలేక, చుట్టూ తిరుగుతూ నాలుగేసి వరసల పళ్ళు నూరసాగాయి.

లోయ వెడల్పు ఎంత? దాటి కొలవలేడు. కోనప్ప పొద అంచున లోయకు ఎదురుగా నిలబడ్డాడు. కదలకుండా పిడికిలి గడ్డం కింద ఆనించాడు. తలపాగా అంచును కళ్ళ మీదికి కొద్దికొద్దిగా దించుతూ పోయాడు. అంచు కింద అవతలి ఒడ్డు సరిగ్గా తాకినట్టు కనిపించగానే ఆపాడు. తల వంచకుండా, ఎత్తకుండా, ఉన్నచోటే పక్కకు తిరిగాడు. ఈసారి తలపాగా అంచు కింద ఇవతలి ఒడ్డు మీద ఒక తెల్లరాయి కనిపించింది. లోయ ఎంత దూరమో ఆ రాయీ అంతే దూరం. ఊళ్ళో కాలవ గట్టున పిల్లలతో రోజూ ఆడే ఆటే ఇది. గెలిచినవాళ్ళకు జామకాయ.

రాయి దాకా అడుగులు లెక్కపెట్టాలంటే మాత్రం పొద దాటాలి. తోడేళ్ళు పొద వెనక్కు తిరిగిన క్షణం చూసి అతడు పెద్ద అంగలతో పరుగెత్తాడు. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై! రాయి తాకి తిరిగి పొద దగ్గరికి వచ్చేసరికి ఒక తోడేలు ఎడమ తల అతడి పంచె కొస పట్టుకుంది. పంచె చిరిగింది. కోనప్ప పొదలో పడ్డాడు. ఇరవైనాలుగు అంగల వెదుళ్ళు రెండు నరికి, జతకట్టి, లోయ మీదికి వాల్చాడు. అవతలి ఒడ్డు మీద రెండంగలు మిగిలి గట్టిగా కూర్చున్నాయి. అరికాళ్ళు కాలుతుండగా పాకుతూ అవతలికి చేరాడు. వెంటపడిన తోడేలు వెదురు మధ్యకు వచ్చాక, ఏ తల ముందు నడవాలో తేలక రెండు తలలూ కొట్లాడుకొని మంటల్లో పడిపోయింది. వంతెనను అలాగే వదిలేసి కోనప్ప దుర్గం వైపు నడిచాడు. తిరిగి రావడానికి అది కావాలి.

దుర్గద్వారం మీద పుర్రెల తోరణాల మధ్య ఒక పలక వేలాడుతోంది. ‘వంటమనిషి కావలెను.’ ద్వారం పక్కన చేతిలో అట్లకాడ పట్టుకొని ఒక రాతిబొమ్మ నిలబడి ఉంది. దాని ఎదురుగా దండెం మీద ఒక ముతకచీర ఆరుతోంది. కోనప్పకు సంగతి అర్థమైంది. మీసం గొరిగాడు, జుట్టుకు బూడిద రాశాడు, చీర చుట్టాడు, నడుము వంచాడు. ద్వారం తట్టినది పేరమ్మ అనే ముసలిది.

ధూమ్రకంఠుడు తాటిచెట్టంత ఉన్నాడు. మెడలో పాములు, చెవులకు గబ్బిలాలు, ముక్కుపుటాల్లోంచి నీలిపొగ. గడ్డం ఒకవైపు మోకాళ్ళ దాకా వేలాడుతోంది. రెండోవైపు మాత్రం మాడి, మొలకల్లా ఉంది.

“ఏమే ముసలిదానా! గారెలు వండగలవా?” అని గర్జించాడు.

“వండతాను దొరా. బయట ఆ రాయమ్మ ఏం తప్పు చేసిందో సెలవియ్యండి. నేను చెయ్యకుండా ఉంటాను.”

“గారెలు తగ్గించి వడ్డించింది.”

“ఎన్ని తగ్గించింది దొరా?”

మాంత్రికుడు ఇబ్బందిగా కదిలాడు. వేళ్ళు మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. “తగ్గించిందని అనుమానం. నిజమో కాదో తేల్చుకోలేక రాయిని చేశాను.”

గారెలు తింటూ మాంత్రికుడే వాగడంతో, అసలు సంగతి కోనప్పకు వంటింట్లో ఒక పూటలోనే తెలిసిపోయింది. గుహ నడుమ నిప్పుల గుండంలో ఒక అగ్నిభూతం ఉంది. ఏటా ఒక్కరోజు, సూర్యుడు నడినెత్తికి వచ్చే లోపల, మంత్రానికి ఒకటి చొప్పున సరిగ్గా వెయ్యిన్నొక్క ఆహుతులు వేస్తే, ముల్లోకాలనూ ధూమ్రకంఠుడి కాళ్ళ దగ్గర పడేస్తానని అది మాట ఇచ్చింది. పగడమైనా సరే, ప్రాణి అయినా సరే, గుండంలో పడ్డది ఏదైనా దానికి ఒకటే. ఒకటి తగ్గినా, ఒకటి పెరిగినా మంట భగ్గుమని ఆరిపోతుంది. గుహంతా పొగ కమ్ముకుంటుంది. పన్నెండేళ్ళుగా అదే జరుగుతోంది. ముల్లోకాలను వణికించే మంత్రాలు అతడికి ఎనభై కోట్లు నోటికి వచ్చు. ఎనభై కోట్లని చెప్పింది కూడా వేరెవరో. చేతివేళ్ళు పది అయిపోయాక అతడికి ముందుకు దారి కనిపించదు.

ఈ ఏటి ఆహుతికి ఇంకా ఆరు రోజులున్నాయి.

మంజులికను ఇనుప తలుపుల గదిలో పెట్టారు. గది నడుమ ఆమె నడుమెత్తు పగడాల రాశి. గారెల పళ్ళెంతో కోనప్ప లోపలికి వెళ్ళేసరికి ఆ పిల్ల గోడవైపు తిరిగి వెక్కుతోంది.

“రాకుమారీ, ఇటు చూడమ్మా. మీ నాన్నగారు పంపితే వచ్చాను. మాంత్రికుడి ముందు నన్ను అవ్వా అనే పిలవాలి. తెలిసిందా?”

“నన్ను ఇంటికి తీసుకుపోతావా?” అని ఆమె దిగ్గున లేచింది.

“తీసుకుపోతాను. ఆహుతి రోజున గుండం ఆరి, పొగ లేస్తుంది. కళ్ళు కనిపించనంత పొగ. లేవగానే నా చెయ్యి పట్టుకో. ఒకటే పరుగు. అందాకా నీకు లెక్క వచ్చునని వాడు నమ్మాలి. లేకపోతే ఈలోపలే నిన్ను రాయిని చేస్తాడు.”

“నాకు రాదు. వెయ్యిన్నొకటి ఎంతో నాకు తెలీదు. ఆచార్యులవారు ఏ… ఏడు అన్నప్పుడల్లా…” ఆమె నుదురు అప్పుడే వేడెక్కింది.

కోనప్ప పళ్ళెం నేల మీద పెట్టి, ఒక గారెను నడుమ ఉంచాడు. “దీని చుట్టూ తక్కినవి పేర్చమ్మా. ఒకదాన్నొకటి తాకాలి, సందు ఉండకూడదు.”

మంజులిక ముక్కు తుడుచుకొని పేర్చింది. గారెలు ఒకదాని పక్కన ఒకటి ఒదిగి, నడుమ దాన్ని తాకుతూ చక్కగా చుట్టు తిరిగాయి. పువ్వులాగా అయింది.

“ఇంకొకటి దూర్చు చూద్దాం.”

ఆమె దూర్చబోయింది. పక్కది జరిగింది. దాన్ని సర్దితే అవతలిది బయటికి వచ్చింది. ఎలా పెట్టినా పట్టలేదు. పట్టుదలగా రెండు చేతులతో నొక్కింది. గారె రెండుముక్కలై ఎగిరి ఆమె ఒళ్ళో పడింది. మంజులిక పకపకా నవ్వింది.

“చుట్టూ ఆరు, నడుమ ఒకటి. అంతకు మించి ఒప్పుకోదు. ఈ పువ్వు పేరే ఏడు,” అన్నాడు కోనప్ప.

ఆమె నవ్వు ఆగిపోయింది. నుదురు తడిమి చూసుకుంది. జ్వరం రాలేదు.

“ఇంతేనా ఏడంటే?” అంది కోపంగా. “మరి ఇది చెప్పడానికి ఆచార్యులవారికి బెత్తం ఎందుకు?”

“ఆయనకు గారెలు చెయ్యడం రాదేమో తల్లీ.”

మరునాటి నుంచి ఆ గది గది కాకుండా పోయింది. పన్నెండు పగడాలు తీసుకొని మూడు వరసల్లో నాలుగేసి పేర్చారు. వాటినే రెండు వరసల్లో ఆరేసి పేర్చారు. ఇంకొకటి చేర్చి పదమూడు చేస్తే ఎన్ని వరసల్లో పేర్చినా వరసలు సమంగా రావడం లేదు. ఆ పదమూడుకు మంజులిక ‘మొండిది’ అని పేరు పెట్టింది. పదకొండు మొండిది, పదిహేడు మొండిది. మొండివాళ్ళందరినీ వెతికి, ఒక మూల వేరే ఊరు కట్టించింది. జొన్నరొట్టెను సగానికి మడిచి, ఆ సగాన్ని మళ్ళీ మడిచి విప్పితే నాలుగు భాగాలు కనిపించాయి. మూడుసార్లు మడిస్తే ఎన్ని వస్తాయో విప్పకముందే చెప్పాలని పందెం వేసుకున్నారు. రాకుమారి ఆరు అంది. విప్పితే ఎనిమిది! ఓడిపోయినందుకు సంబరపడి, ఇంకో రొట్టె కావాలని గోల చేసింది.

మూడో రోజు ఆమె పదమూడు గురించి వాదిస్తుండగా తలుపు అవతల నుంచి ఒక బొంగురు గొంతు వినిపించింది.

“ఎందుకు మొండిది?”

ఇనుప తలుపు తెరుచుకుంది. ధూమ్రకంఠుడు! రెండు రోజులుగా తలుపు సందులోంచి వింటున్నాడు. కోనప్ప చీర ముసుగు ముందుకు లాక్కున్నాడు.

“లెక్కలు చేసేవాళ్ళు నవ్వుతున్నారేమిటి? నన్ను మోసం చేస్తున్నారా?” అని మాంత్రికుడు అరిచాడు. మెడలోని పాములు పడగలెత్తాయి.

“నువ్వే కూర్చొని పేర్చి చూడు,” అంది మంజులిక, బెదరకుండా. “పదమూడు తీసుకో. వేళ్ళు చాలకపోతే నా వేళ్ళు అప్పిస్తాను.”

కొండంత మాంత్రికుడు నేల మీద చతికిలబడ్డాడు. పగడాలు పేర్చాడు. రెండు వరసలు చేశాడు, ఒకటి మిగిలింది. మూడు చేశాడు, ఒకటి మిగిలింది. నాలుగు చేసినా అంతే. అతడి ముక్కులోని నీలిపొగ పలచబడింది.

“నాకు ఇలా ఎవరూ చూపించలేదు,” అన్నాడు. “చిన్నప్పుడు మా గురువు పదకొండో ఎక్కం దగ్గర నన్ను గుంజకు కట్టేశాడు. కట్లు తెంపుకొని అడవిలోకి పారిపోయి, క్షుద్రవిద్యలు నేర్చుకున్నాను. అవే సులువుగా ఉన్నాయి.”

“ఎవరు దొరా ఆ గురువు?” అని కోనప్ప అడిగాడు.

“విరజాపురంలో భీషణభట్టు. ఆయన మొదటి శిష్యుణ్ణి నేనే.”

ఆనాటి నుంచి కోనప్పకు కొత్త చిక్కు వచ్చి పడింది. పొద్దున్నే మాంత్రికుడు గడ్డం దువ్వుకొని, చేతులు కడుక్కొని, పిల్లకంటే ముందే వచ్చి కూర్చుంటున్నాడు. అతడికి వెయ్యి దాకా నేర్పితే ముల్లోకాలూ పోతాయి. నేర్పకపోతే ముందు తన ప్రాణం పోతుంది. అందువల్ల కోనప్ప అతడికి గారెల లెక్కలే చెప్పాడు. ధూమ్రకంఠుడు పువ్వు పేర్చడం, మధ్యలోనే తినేయడం, మళ్ళీ మొదటినుంచి పేర్చడం. మూడు రోజులకు అతడు ఇరవై దాకా వచ్చాడు.

“ఏడులోంచి ఏడు తీసేస్తే ఏం మిగులుతుంది దొరా?”

“ఆకలి,” అన్నాడు మాంత్రికుడు నిజాయితీగా.

మంజులిక మాత్రం ఆగలేదు. పదేసి పగడాలు దారానికి గుచ్చి పేట అంది. పది పేటలు కలిపి దండ అంది. పది దండలు గోడకు వేలాడదీసి, చివరగా ఒంటి పగడం ఒకటి పళ్ళెంలో పెట్టింది. వెయ్యిన్నొకటి! ఆ సాయంత్రం ఆమె దండల ముందు అటూ ఇటూ నడుస్తూ, ఒక్కొక్క పేటనూ వేలితో తడుముతూ, నిద్రవేళ దాకా మురిసిపోయింది. ‘ఈ పిల్లకు ఇక ఎవరూ భయం నేర్పలేరు,’ అనుకున్నాడు కోనప్ప. సంతోషంలో, అది తన పథకానికి ఎంత ప్రమాదమో అతడికి తట్టలేదు.

ఆహుతి రోజు తెల్లవారింది. దండలకు పసుపునీళ్ళు చల్లే నెపంతో కోనప్ప ఆఖరి దండలోని ఆఖరి పేట నుంచి ఒక పగడం లాగి, బుగ్గలో దాచుకున్నాడు. ఈ సంగతి రాకుమారికి చెప్పలేదు. పసిపిల్ల, ముఖంలో తెలిసిపోతుందని భయపడ్డాడు.

గుండం చుట్టూ నల్లరాతి భూతాలు నాలుకలు చాపి నిలుచున్నాయి. మంటలు గుహకప్పును నాకుతున్నాయి. గుహ కప్పులోని బిలం గుండా సూర్యకిరణం ఒకటి నేల మీద పడి, గుండం వైపు జరుగుతోంది. అది గుండం నడిమికి చేరితే మిట్టమధ్యాహ్నం. ధూమ్రకంఠుడు మంత్రం చదువుతున్నాడు. మంజులిక పేటలు విప్పి అందిస్తోంది. పేట అయిపోయినప్పుడల్లా ఒక చింతపిక్క పక్కకు పెడుతోంది. ఒక్కొక్క పగడం పడగానే అగ్నిభూతం గుటకవేసిన చప్పుడు. మూడు దండలు, అయిదు, ఎనిమిది… తొమ్మిదో దండ దగ్గర భూతం కళ్ళు తెరిచింది. గుహ అదిరింది. ఎక్కడో సముద్రాలు పొంగుతున్న హోరు వినిపించింది.

పదో దండ. పదో పేట. అందులో మొదటి పగడం తీయబోతూ మంజులిక ఆగింది. ఆమె వేలు పేట పొడవునా జరిగింది. మళ్ళీ వెనక్కు వచ్చింది.

‘అందించు తల్లీ, అందించు,’ అని కోనప్ప మనసులో మొక్కుకున్నాడు.

“ఆగండి!” అని రాకుమారి గుహ మారుమోగేలా అరిచింది. “ఇందులో తొమ్మిదే ఉన్నాయి! ఒకటి తగ్గింది!”

ఆమె ముఖం గర్వంతో వెలిగిపోతోంది. లోకంలో ఎవరూ పట్టుకోలేని తప్పును తాను పట్టుకుంది. ధూమ్రకంఠుడు మంత్రం ఆపాడు. “తగ్గిందా? నిజంగా?”

“నిజంగా! నిన్న పది గుచ్చాను. వేలితో చూశాను. లెక్క తప్పకూడదు కదా! అవ్వా, నువ్వూ చూశావు కదా, అవ్వా… నీ బుగ్గ ఎందుకు ఉబ్బింది?”

ఆ మాట నోరు దాటాక ఆమెకు అర్థమైంది. రెండు చేతులతో నోరు మూసుకుంది. కోనప్పకు వేరే దారి లేదు. గుటుక్కున పగడం మింగేశాడు. మింగేటప్పుడు తల వెనక్కు వాలి ముసుగు జారింది. చెమటకు బూడిద కరిగి నల్లజుట్టు బయటపడింది.

“మగవాడివా!” ధూమ్రకంఠుడు ఒక్క దూకులో వచ్చి, అతణ్ణి రెండు చేతులతో నడుము దగ్గర పట్టి ఎత్తాడు. అతడి గొంతులో కోపం కంటే బాధ ఎక్కువగా ఉంది. “నా గారెల పంతులువు! నువ్వు కూడా మోసమేనా!”

“దొరా, నా మాట…”

“వినను. తగ్గింది ఒకటి. నువ్వు ఒకడివి. నిన్ను వేస్తే లెక్క సరి!”

అది అతడు జీవితంలో సొంతంగా చేసిన మొదటి లెక్క. కోనప్పను గుండం మీదికి చాచాడు. మంటల వేడికి చీర కొంగు ముడుచుకుపోయింది. కిందనుంచి అగ్నిభూతం నోరు తెరిచింది. కిరణం గుండం అంచుకు బెత్తెడు దూరంలో ఉంది.

“తప్పు!” అంది మంజులిక.

మాంత్రికుడి చేతులు ఆగాయి.

“తప్పు లెక్క,” అని ఆమె ముందుకు వచ్చింది. కళ్ళలో నీళ్ళున్నాయి, గొంతు మాత్రం వణకలేదు. “అతని కడుపులో పగడం ఉంది. అతనొకటి, పగడమొకటి. రెండూ పడతాయి. అప్పుడు ఒకటి ఎక్కువవుతుంది. ఇంకో ఏడాది ఆగాలి. మిగతా సగం గడ్డం కూడా మాడిపోతుంది.”

“అబద్ధం! పగడం అతని లోపలే ఉంది. రెండూ కలిసి ఒకటే!”

“గారె లోపల మిరియం ఉంటే అది గారేనా, మిరియమా? రెండూ కాదూ? కావాలంటే లెక్కపెట్టి చూసుకో. పళ్ళెంలో ఒంటిది ఒకటుంది, పేటలో తొమ్మిదున్నాయి, అతనున్నాడు, అతని లోపల పగడముంది. ఎన్ని కావాలి, ఎన్ని అయ్యాయి?”

ధూమ్రకంఠుడి నుదుట చెమట పట్టింది. పళ్ళెం వైపు చూశాడు. పేట వైపు చూశాడు. కోనప్ప పొట్ట వైపు చూశాడు. పెదవులు కదిలాయి, ఒకటి, తొమ్మిది, మళ్ళీ ఒకటి, మళ్ళీ… మధ్యలో తప్పిపోయాడు. కిరణం గుండం అంచును తాకింది. అగ్నిభూతం అసహనంగా బుసకొట్టింది.

“తొందరగా!” అంది మంజులిక, ఒక్కొక్క అడుగే కోనప్ప పాదాల వైపు జరుగుతూ.

ఇరవై లోపలి లెక్కే. నేర్చుకున్నదే. నోటితో కుదరడం లేదు. పేర్చి చూసే వ్యవధి లేదు. వేళ్ళు ఉంటే ఇట్టే తేలిపోతుంది. వేళ్ళకు మాత్రం పని ఉంది, వాటిలో కోనప్ప ఉన్నాడు.

మాంత్రికుడు ఒక్క క్షణం ఆలోచించి, కుడిచెయ్యి వదిలాడు. అతడు ఆ వేళ్ళు మడిచి విప్పేలోగా మంజులిక కోనప్ప పాదాలు పట్టి ఇవతలికి లాగింది, కిరణం గుండం నడిమికి చేరింది, గుహంతా పొగ కమ్ముకుంది.